కంటిలో ఉప్పుమడి

ఒకప్పుడు కన్నీళ్ళు తియ్యగా ఉండేవి. తాటిబెల్లం కలిపిన నీళ్ళలా ఉండేవి. పిల్లలు ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో ఆగి, పెదవి మీదికి జారిన చుక్కను నాకి, ఎందుకేడుస్తున్నారో మరిచిపోయేవాళ్ళు.

వినడానికి బాగానే ఉంటుంది. ఎందుకుండదు? వినేవాళ్ళ కళ్ళమీద ఈగలు లేవు కదా.

తీపి ఉన్నచోటికి ఎవరొస్తారు? చీమలొస్తాయి, ఈగలొస్తాయి. ఆ రోజుల్లో మనిషి కన్నంటే ఈగలకు చలివేంద్రం. ఎగిరొచ్చి కంటి కొసన కూర్చునేవి. తాగేవి. కాళ్ళు కడుక్కునేవి. చుట్టాల్ని పిలిచేవి.

మరి రెప్ప ఏం చేస్తోందని మీరడగాలి. ఏమీ చేసేది కాదు. అప్పట్లో రెప్పకు పగటి పని లేదు. నిద్రవేళకు ఒకసారి దిగేది, తెల్లారాక ఒకసారి ఎక్కేది. ఎక్కిందంటే మళ్ళీ నిద్ర దాకా అక్కడే కాళ్ళు చాపుకుని కూర్చునేది. పగలంతా కన్ను తలుపు తీసి వదిలేసిన ఇల్లే.

పెద్దిళ్ళలో వాళ్ళకు బాధ లేదు. విసనకర్ర పట్టుకుని పక్కన ఒక మనిషి నిలబడేవాడు. ఈగ వాలబోతే విసిరేవాడు. బాగుంది. ఆ విసిరే మనిషి కళ్ళమీద వాలే ఈగల్ని ఎవరు తోలాలి? ఆ సంగతి ఎవరూ ఆలోచించలేదు. అందరికంటే ముందు అది ఆలోచించి ఒళ్ళు మండిపోయిన మనిషి అసిరి.

అసిరిది సముద్రం పక్కన ఉప్పు పండించే ఊరు. అక్కడ పొలాల్లో వరి ఉండదు. చదును చేసిన మడులుంటాయి. వాటిలోకి సముద్రపు నీళ్ళు వదులుతారు. ఎండకూ గాలికీ నీరు ఇగిరిపోతుంది, అడుగున తెల్లగా ఉప్పు మిగులుతుంది. దాన్ని కర్రపలకతో గట్టుకు లాగి కుప్ప పోస్తారు. రెండు చేతులూ పలకమీదుంటే ఈగను దేంతో తోలుకోవాలి?

అసిరి తన కళ్ళ సంగతి పట్టించుకోలేదు. ఆమె బెంగంతా కూతురు ముత్యాలు గురించి.

ముత్యాలు మాట నేర్చిన చిలక లాంటి పిల్ల. గట్టుమీద గొడుగులా నీడనిచ్చే చెట్టూ లేదు, గోడ నీడా లేదు. తల్లి మడిలో దిగితే పిల్ల గట్టుమీద కూర్చునేది. ఈగలకు పండగ. పొద్దున లేచేసరికి కళ్ళు పుసులు కట్టి అంటుకుపోయేవి. అసిరి గోరువెచ్చని నీళ్ళతో తడిపి విడదీసేది. కంటి నల్లగుడ్డు పక్కన చిన్న తెల్లమచ్చ కనిపించింది. పక్కింటి ముసలాయనకు అలాంటి మచ్చే మొదలై, అది పువ్వై, చివరకు చేతికర్ర లేకుండా గడప దాటలేకపోయాడు.

"అమ్మా, నువ్వెందుకు పొగలో నిలబడ్డావు?" అని ముత్యాలు ఒకరోజు అడిగింది.

అసిరి చుట్టూ చూసింది. పొగ లేదు. ఎర్రటి ఎండ కాస్తోంది.

అప్పుడామెకు భయం పుట్టింది. అది నోటిదాకా వచ్చేసరికి కోపమైంది. అసిరికి అన్నీ అంతే, భయమైనా కోపంగానే బయటికొచ్చేది.

ఆమె ఈగల పెద్దను పట్టుకుంది. ఎలా పట్టుకుందంటే, అది ముత్యాలు కంటి కొసన కూర్చుని మీసాలు తుడుచుకుంటోంది. అసిరి రెండు వేళ్ళతో దాని రెక్కలు పట్టుకుంది.

"ఏటిరా, నీకు ఊళ్ళో ఇంకేం దొరకలేదా? నా గుంటపిల్ల కళ్ళే దొరికాయా?"

"వదులమ్మా, రెక్క చిరుగుతుంది," అంది ఈగ. "తీపి పెట్టి తలుపు తీసి కూర్చున్నది మీరు. వచ్చినవాళ్ళను తిడతావేం? పెద్దింటికి వెళ్తే విసురుతారు. ఇక్కడెవరూ విసరరు. మేం కూడా మర్యాద దొరికే చోటికే పోతాం."

"మర్యాదా?"

"మరి? మా అమ్మ కూడా ఈ కంట్లోనే తాగింది. ఇది మాకు పుట్టింటి లెక్క."

అసిరి దాన్ని దుమ్ములోకి విదిలించింది. అది దులుపుకుని ఎగిరి, పక్కన ఆరబెట్టిన చేపలమీద వాలింది. వాలీ వాలగానే లేచింది. "థూ, ఉప్పు," అని మళ్ళీ పచ్చిచేపల బుట్ట వైపు పోయింది.

అసిరి పలక అందుకోబోయి ఆగిపోయింది. ఉప్పు పెట్టిన చేపమీద ఈగ నిలవలేదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. కానీ చూడడం వేరు, పట్టుకోవడం వేరు.

ఆమె ముత్యాలును చంకనేసుకుని తిన్నగా సముద్రం దగ్గరికి నడిచింది.

"మామా," అని పిలిచింది. ఆ ఊరి ఆడవాళ్ళందరికీ సముద్రం మామే. "నాకు ఉప్పు కావాలి."

సముద్రం నవ్వింది. నవ్వితే అల వచ్చి మోకాళ్ళ దాకా తడిపింది. "ఏటే కోడలా, ఊరంతా ఉప్పు కుప్పలు పోసుకుని, నా దగ్గరికొచ్చి ఉప్పడుగుతావా?"

"ఆ ఉప్పు కూరలోకి. నాకు కంట్లోకి కావాలి. పలుకులా గుచ్చుకోకూడదు. కడిగితే పోకూడదు. ఈగ నోట్లో పెట్టుకుంటే మళ్ళీ ఈ దిక్కు చూడకూడదు."

"కన్నీళ్ళ తీపి పోతుందే."

"పోనీ. నా బిడ్డకు తీపి ఏడుపెందుకు? చూపు కావాలి."

సముద్రం కాసేపు ఆలోచించింది. అల రాలేదు.

"సరే. కానీ నాఅంత ఉప్పన పెడితే కన్ను ఓర్చుకోలేదు. ఉప్పుపెంకు గీసుకుని నీ వేలు తెగిందనుకో, నోట్లో పెట్టుకుంటావు కదా. ఆ నెత్తురు రుచి తెలుసా?"

"మా ఊళ్ళో తెలియనిదెవరికి?"

"ఆ రుచంత. అంతకుమించి ఒక్క రవ్వ పెరిగినా కన్ను మండుతుంది. కొలత నేను పెట్టి ఇస్తాను. కొలత తప్పకుండా చూసుకోవడం మీ పని. తర్వాత వచ్చి నన్ననకు."

"నిన్నెందుకంటాను?" అంది అసిరి. తర్వాత అననే అంది. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

సముద్రం పెద్ద అల లేపింది. ఒక్క ముత్యాలు కోసమని లేపలేదు, దానికి చిన్నగా చేయడం చేతకాదు. ఆ తుంపర ఊళ్ళు దాటి, కొండలు దాటి, మనిషన్నవాడు ఎక్కడుంటే అక్కడికల్లా పోయింది. పెద్దిళ్ళలోకీ పోయింది. అందరి కళ్ళలోనూ పడింది. అందరి కన్నీళ్ళూ ఉప్పనయ్యాయి.

ఈగల పెద్ద అలవాటు కొద్దీ వచ్చి ముత్యాలు కంటి కొసన మూతి పెట్టింది.

"థూ," అంది. "ఎవరు చేశారిది?"

"నేనే," అంది అసిరి.

"మా పుట్టిల్లు పాడు చేశావు."

"వెళ్ళి పెంటకుప్పకు చెప్పుకో."

ఈగలు పోయాయి. పుసులు తగ్గాయి. కంటి పక్కనున్న తెల్లమచ్చ పెరగడం ఆగింది. కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ అసిరి ఉప్పు పండించే మనిషి. ఉప్పు పండించే మనిషి మాత్రమే చేసే పొరపాటొకటి ఆమె చేసింది.

ఆ ఊరికి ఒక పద్ధతుంది. మడిలోకి నీళ్ళు వదిలాక వాటిని ఎవరూ కదపకూడదు. కాలు పెట్టకూడదు, నీడ పడనివ్వకూడదు. గట్టుమీద నిలబడి చేట పైకెత్తి, "రా నాయనా గాలీ, కడుపారా తాగు" అని పిలవాలి. కదిలిన నీటిలో ఉప్పు కట్టదు. పిలవని గాలి రాదు. తరతరాలుగా అంతే.

ఇంకో నియమం కూడా ఉంది. తలకు నూనె రాసుకున్న ఆడది మడి దగ్గరికి రాకూడదు. అసిరి కొత్తగా కాపురానికొచ్చినప్పుడు తెలియక నూనెతల మీద బుట్ట పెట్టుకుని వచ్చింది. బుట్ట దించేటప్పుడు కొప్పులోంచి నూనె చుక్క జారి మడిలో పడింది. ఆ మడి ఎంతకీ ఇగరలేదు. మడుల పెద్ద సన్నెమ్మ ఊరందరి ముందూ ఆమెను కడిగేసింది. ఆ రోజు తిన్న తిట్లు అసిరికి ఇంకా నోట్లో చేదుగా తగులుతుంటాయి.

కాబట్టి కంట్లో ఉప్పునీళ్ళు పడ్డాక, అసిరి తనకు తెలిసిన జాగ్రత్తలన్నీ తీసుకుంది.

"కళ్ళు మూయకు. నలపకు. నీళ్ళు కదపకు," అని ముత్యాలుకు చెప్పింది. "కదిపితే ఉప్పు నిలవదు. ఉప్పు పోతే ఈగలు మళ్ళీ వస్తాయి."

అంతటితో ఆగలేదు. పిల్లను గట్టుమీద గాలికెదురుగా నిలబెట్టి, చేట పైకెత్తి పిలిచింది. "రా నాయనా గాలీ, కడుపారా తాగు."

గాలి వచ్చింది. పిలిస్తే రాకేం చేస్తుంది? తాగింది.

కొన్నాళ్ళకు ముత్యాలు కళ్ళు ఎర్రబడ్డాయి. "అమ్మా, కంట్లో ఇసక పోసినట్టుంది," అంది. అసిరి ఊది చూసింది. ఇసక లేదు. "అమ్మా, మిరపకాయ పెట్టినట్టుంది," అంది. మిరపకాయా లేదు. ఎండలోకి తల ఎత్తలేకపోయేది. గాలి తగిలితే ముఖం చేతుల్లో దాచుకునేది. అమ్మ ముఖం ఒక్కోసారి స్పష్టంగా కనిపించేది, ఒక్కోసారి చెరిగిపోయేది.

"ఎండిపోయాయమ్మా," అని ఏడ్చింది.

అలా అంటుంటే కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారుతున్నాయి.

సన్నెమ్మ అక్కడే ఉంది. నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "చెంపలమీద ఏరు పారుతోంది, కళ్ళు ఎండిపోయాయంటుంది. ఎంత నటనే ఈ గుంటకు? మడిలో దిగి పలక పట్టుకోమంటారని ముందే నేర్చింది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

అసిరి లేచింది. "పెద్దమ్మా, నా బిడ్డ నొప్పంటే నొప్పే. నీ కంటితో చూసి దాని కన్ను సంగతి ఎలా చెబుతావు? దాని రెప్ప కింద నువ్వేమైనా కాపురం ఉంటున్నావా?"

"ఏటే, నాకే ఎదురు చెబుతావా? అందరి కన్నీళ్ళకూ ఉప్పు పూసిందే నువ్వు. మా మనవడి కళ్ళూ మండుతున్నాయి. నా కళ్ళూ మండుతున్నాయి. ఈగలతోనే బాగున్నాం."

"మీ కళ్ళు మండితే నిజం, దాని కళ్ళు మండితే నటనా?"

జవాబు లేనివాళ్ళు గొంతు పెంచుతారు, సన్నెమ్మ కూడా పెంచింది. అసిరి వినడానికి నిలబడలేదు.

సముద్రం దగ్గరికి పోయింది. ఈసారి మామా అని పిలవలేదు.

"మోసం చేశావు. నెత్తురంత ఉప్పన్నావు. నా బిడ్డ కన్నీరు నాలిక మీద వేసుకుని చూశాను. నీఅంత ఉంది."

"చెప్పానా, నన్నంటావని," అంది సముద్రం. "నేనిచ్చింది కొలతకే ఇచ్చాను. సరే, ఒకటి చెప్పు. మీ మడిలోకి నేనేం పంపుతాను?"

"నీళ్ళు."

"మీరు లాక్కునేదేమిటి?"

"ఉప్పు."

"మధ్యలో నీళ్ళెవరు పట్టుకుపోయారు?"

అసిరి వెనక్కి తిరిగి, ఎండలో మెరుస్తున్న మడుల వైపు చూసింది.

"ఉప్పు పెరగలేదే పిచ్చిదానా. నీళ్ళు తగ్గాయి. ఉప్పు ఉన్నదున్నట్టే ఉంది, పలచన చేసే నీళ్ళు పోయాయి. ఆ మంటకు కన్ను భయపడిపోయి గబగబా కొత్తనీళ్ళు కుమ్మరిస్తోంది. అవి నిలిచే నీళ్ళు కావు. గట్టు తెగిన మడిలో నీళ్ళలా చెంపమీదికి జారిపోతాయి. కారేవీ నిజమే, ఎండిందీ నిజమే. ఆ గుంట అబద్ధం చెప్పలేదు."

ఆ చివరి మాట విని అసిరికి ఏడుపొచ్చింది. ఏడవలేదు. గాలి కోసం వెతికింది.

గాలి తాటిచెట్ల మధ్య పడుకుని ఆకులతో ఆడుకుంటోంది. అసిరి చేట తీసుకెళ్ళి దాని ముందు నేలకేసి కొట్టింది.

"ఒరే దొంగా, నా బిడ్డ కళ్ళలో నీళ్ళు తాగుతావా? ఇంత సముద్రం ఎదురుగా పెట్టుకుని, ఒక గుంట కంట్లో చుక్క నీకు లోటైందా?"

గాలి తాపీగా లేచింది. "నేను దొంగనా? ఎవరు పిలిచారు నన్ను? చేట ఎత్తిందెవరు? కడుపారా తాగమన్నదెవరు?"

"అది మడికి."

"నాకు మడేదో కన్నేదో ఎలా తెలుస్తుంది? ఉప్పునీళ్ళున్నాయి. పైన మూత లేదు. ఎవరూ కదపడం లేదు. గట్టుమీద ఆడమనిషి చేటెత్తి నన్నే పిలుస్తోంది. మీ తాతల నాటి నుంచి దాన్ని మడే అంటారు. నన్ను తిడుతున్నావు గానీ, ఆ గుంటను నాకెదురుగా నిలబెట్టింది నువ్వు."

అసిరి కోపం ఒక్కసారిగా తన మీదికే తిరిగింది. మనిషికి ఎవరిని తిట్టాలో తెలియనప్పుడుండే బాధ కంటే, తెలిసి ఆ మనిషి తానే అయినప్పుడుండే బాధ పెద్దది. కానీ అసిరి కూర్చుని గుండెలు బాదుకునే రకం కాదు. తనను తిట్టుకోవాల్సిన తిట్లు నడుస్తూ కూడా తిట్టుకోవచ్చు.

"అయితే ఇక పిలవను," అంది.

"పిలవకపోయినా వస్తాను. ఊపిరున్నచోట నేనుంటాను. మూత లేని నీరు కనిపిస్తే తాగకుండా ఉండడం నాకు చేతకాదు."

"నీకు సహించనిదేమీ లేదా?"

గాలి ముఖం చిట్లించింది. "ఒకటుంది. చాలా కాలం కిందట మీ మడుల్లో ఒకదాని మీద మూతి పెట్టాను. పైన జిడ్డు. నోరంతా జారిపోయింది. ఎంత పీల్చినా కింద నీళ్ళు అందలేదు. ఏ మహాతల్లి చేసిన పనో."

అసిరి చెయ్యి దానంతటదే తన కొప్పు మీదికి పోయింది.

"ఆ మహాతల్లిని నేనే," అంది.

ఏ నూనెచుక్క కోసం ఊరందరి ముందూ తల దించుకుందో, ఆ నూనెచుక్కే ఇప్పుడు కావాలి. అసిరి ఇంటికి పరుగెత్తింది. ఆముదం తెచ్చి వేలికొసతో ముత్యాలు కంట్లో వేసింది.

"అమ్మా, అంతా మసకగా ఉంది," అంది ముత్యాలు. ఆముదం చిక్కగా పడి, ఒక పక్కకు జారి, చెంపమీద జిడ్డు గీత గీసి పోయింది. ఆ నూనె కంటికి పనికొచ్చేది కాదు. పనికొచ్చినా, ఎవరు పరుస్తారు? జారినప్పుడల్లా మళ్ళీ ఎవరు పరుస్తారు? వేలు పెట్టి కంటిమీద రాయడానికి అదేమీ గోడ కాదు.

అసిరి పిల్ల ముఖాన్ని వెలుతురు వైపు తిప్పి, దగ్గరగా చూసింది. చాలా దగ్గరగా. ఇన్నాళ్ళూ కంటినే చూసింది గానీ రెప్పను చూడలేదు. ఇప్పుడు రెప్ప అంచున, వెంట్రుకలకు కాస్త వెనకగా, వరసగా ఏవో కనిపించాయి. బుల్లి బుల్లి కుండలు. ఆవగింజ కంటే చిన్నవి. ప్రతి కుండలోనూ పలచటి నూనె మూతి దాకా నిండి మెరుస్తోంది.

అసిరి ఊపిరి బిగబట్టింది. తర్వాత వదిలింది. వదిలితే అది మాటలయింది.

"ఏం రెప్ప వదినా," అంది, "కులాసాగా ఉన్నావా?"

రెప్ప ఆవలించింది. "ఎవరు? ఇంకా నిద్రవేళ కాలేదే. అప్పుడు రా."

"నిద్రకు కాదు. నీ దగ్గరున్న నూనెలో ఒక్క చుక్క నా బిడ్డ కంటిమీద పరచాలి. గాలి తాగేస్తోంది."

"ఆ నూనె నాది," అంది రెప్ప. "నా అంచు మెరవడానికి దాచుకున్నది. అయినా పగలు దిగడం నా పని కాదు. నిద్రకు తలుపేయడానికి నన్ను పెట్టారు. పగటి సంగతి కన్ను చూసుకోవాలి, చూడడం దాని పనే కదా."

ఆ మాటకు అసిరి నిజంగా మండిపోయింది. ఇప్పటి దాకా పడ్డ కోపాలన్నీ దీని ముందు కుంపట్లో నిప్పురవ్వలు.

"వదినా, నువ్వు ఎక్కడ కూర్చున్నావో ఎప్పుడైనా కిందికి చూశావా? నీ కాళ్ళ కింద ఒక పసిది ఎండిపోతోంది. దాని నీళ్ళు తాగిపోతుంటే చూశావు. ఈగలు కాళ్ళు కడుక్కుంటుంటే చూశావు. పుసి కట్టి నీకే అంటుకుంటే, కాస్త విసుక్కుని ఊరుకున్నావు. పక్కన కుండల నిండా నూనె. పగలంతా ఖాళీ. ఒక్కసారి వంగితే సరిపోయేది. వంగలేదు. ఎందుకంటే నొప్పి నీది కాదు."

"గొంతు తగ్గించి మాట్లాడు."

"తగ్గించను. తగ్గించి అడిగినవాళ్ళకు ఏమొచ్చిందో ఈ ఊళ్ళో చాలా చూశాను. రేపు ఈ కంటికి పువ్వేస్తుంది. చూపు పోతుంది. అప్పుడు నువ్వు దేనికి రెప్పవి? ఏముందని మూస్తావు, ఏముందని తెరుస్తావు? ఎవరూ లేని ఇంటికి తలుపు నువ్వు. చెదలు పడుతుంది."

రెప్ప కాస్త కదిలింది. కానీ దిగలేదు. తిట్లతో ఒళ్ళు కదిలేవాళ్ళు వేరే, రెప్ప అలాంటిది కాదు. అసిరి అది గమనించింది. గొంతు దించి కూతురితో మాట్లాడింది.

"ముత్యాలూ, నిద్రొచ్చినట్టు ఒక్కసారి కళ్ళు మూయి."

"మంటమ్మా."

"తెలుసు నా తల్లీ. ఒక్కసారి. ఈ వదినగారికి నీ ఇల్లెలా ఉందో చూపించు."

ముత్యాలు పళ్ళు బిగించి కళ్ళు మూసింది. పిల్ల పిలిస్తే దిగకుండా ఉండడం రెప్ప చేతుల్లో లేదు. పట్టపగలు, ఎండిన కంటిమీదికి, మొట్టమొదటిసారి దిగింది.

ఉప్పు కట్టిన మడిలో వట్టి పాదం ఈడ్చినట్టయింది.

"అమ్మా," అని రెప్ప అరిచింది. దాని మెత్తటి లోపలి చర్మమంతా గీసుకుపోయింది. ఆ నొప్పికి గట్టిగా ముడుచుకుంది. ముడుచుకుంటే కుండలు నొక్కుకున్నాయి. ఒక్కో కుండలోంచి ఒక్కో రవ్వ నూనె బయటికి చిమ్మింది. లేద్దామని రెప్ప పైకి పోతుంటే, ఆ నూనె దాని వెంట తెరలాగా పరుచుకుంది.

గాలి అలవాటుగా వచ్చి మూతి పెట్టింది. పెట్టి వెనక్కి తగ్గింది. "ఛీ. మళ్ళీ జిడ్డు."

నీళ్ళు నిలిచాయి. నిలిచిన నీటిలో ఉప్పు పలచనైంది. ముత్యాలు చేతులు ముఖం మీంచి తీసింది.

"అమ్మా," అంది, "నీ ముక్కు చివర ఉప్పు అంటుకుంది."

అసిరి తుడుచుకోలేదు. నిలబడి ఉండిపోయింది.

నూనె తెర ఎంతోసేపు ఉండలేదు. మెల్లగా చిరిగింది. గాలి కాచుకునే ఉంది. మంట మళ్ళీ మొదలవబోతుంటే, ఈసారి ఎవరూ పిలవకుండానే రెప్ప గబుక్కున దిగి లేచింది. దానికిప్పుడు కింద ఏముందో తెలుసు. ఎండితే గీసుకుపోయేది తానే అని కూడా తెలుసు.

"ఇలా ఎన్నిసార్లు దిగాలి?" అంది సణుగుతూ.

"గాలి తాగడం మానేదాకా," అంది అసిరి.

రెప్ప గాలి వైపు చూసింది. "నువ్వెప్పుడు మానతావు?"

గాలి నవ్వి తాటాకుల్ని ఊపింది.

"అయితే మానే మాటే లేదు," అంది రెప్ప.

"లేదు," అంది అసిరి. "మా పలక ఆగుతుందా? నీదీ అంతే."

"ఒక్క మాట," అంది గాలి. "రెప్ప దిగినంతకాలం నేను దూరంగా ఉంటాను. మరిచిపోయిందా, తాగుతాను. అప్పుడు నన్ను చేటతో కొట్టడానికి రావద్దు."

అసిరి ఒప్పుకుంది. చేట తీసుకుని దులిపింది. ముత్యాలు చెయ్యి పట్టుకుని ఊళ్ళోకి నడిచింది. ఎదురొచ్చిన సన్నెమ్మ ఎర్రటి కళ్ళతో, చెంపలమీద నీళ్ళతో నిలబడింది.

"కళ్ళు ఎండిపోతున్నాయే అసిరీ," అంది నెమ్మదిగా.

"ఏరు పారుతోంది కదా పెద్దమ్మా," అనే మాట అసిరి నాలిక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆపుకుంది. అన్నీ అనేస్తే రేపటికేం మిగులుతుంది?

ముత్యాలే ముందుకెళ్ళి సన్నెమ్మ చెయ్యి పట్టుకుంది. "కళ్ళు ఇలా మూసి తెరువు అవ్వా. మళ్ళీ మళ్ళీ. మొదటిసారి గీసుకుంటుంది. తర్వాత బాగుంటుంది." అని తన రెప్పలు ఆడించి చూపించింది.

సన్నెమ్మ మూసి తెరిచింది. మళ్ళీ మూసి తెరిచింది. ఆ సాయంత్రం మడుల దగ్గర కొప్పుకు నూనె పెట్టుకొచ్చిన కొత్తకోడలిని తిట్టకుండా, పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది.

రెప్ప మాత్రం తన పాత పొగరు పూర్తిగా వదల్లేదు. మనిషి దేనికైనా అతుక్కుపోయి చూస్తుంటే, అది పొయ్యిలో మంటైనా, సూదిలో దారమైనా, చేతిలో ఫోనైనా, ఇదే సందని పైన కూర్చుని దిగడం మరిచిపోతుంది. వయసు పైబడ్డవాళ్ళ దగ్గర, ముఖ్యంగా ఆడవాళ్ళ దగ్గర, దాని కుండల్లో నూనె గడ్డకడుతుంది. అసిరి తిట్టిన తిట్లకు ఆడజాతి మీద కక్ష కట్టిందో ఏమో. అలాంటప్పుడు గాలి తన మాట ప్రకారం తాగుతుంది. నీళ్ళు తగ్గుతాయి, ఉప్పు మిగులుతుంది, కంట్లో మడి కడుతుంది. ఆ మనిషి ఇసక పోసినట్టుందంటుంది. చెంపలమీద నీళ్ళు చూసి, నటన అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకు చెప్పడానికి అసిరి ఇప్పుడు లేదు. మీరే చెప్పాలి.

అప్పటినుంచే కన్నీళ్ళకు నెత్తురంత ఉప్పు. అప్పటినుంచే మెలకువగా ఉన్నంతసేపూ రెప్ప దిగి లేస్తూ, దిగి లేస్తూ, తన నూనె తాను పరుస్తూనే ఉంటుంది. వద్దని ఎంత బిగబట్టుకుని చూసినా కాసేపటికి దిగి తీరుతుంది. దానికి అసిరి గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది.